గ్రంథుల ఫ్లాష్ కార్డులు: నాళం వరకూ సూపర్, ఆ తర్వాత జాగ్రత్త

హిస్టాలజీ (కణజాలాల శాస్త్రం) పరీక్ష టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సెట్ ఇది, నెల రోజులు వాడాక రాస్తున్నాను.

మొదటి కార్డు చాలా బాగుంది. పిండంలో ఎపిథీలియం, అంటే పైన కప్పి ఉండే కణాల పొర, కిందికి దిగుతున్నట్టు బొమ్మ. దిగిన కణాలకు పైపొరతో దారి మిగిలితే అదే నాళం, అంటే ఎక్సోక్రైన్. దారి తెగిపోతే స్రావం నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి ఎండోక్రైన్. ఉదాహరణకి థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది, నాళం మూసుకుపోతుంది, నాలుక మీద చిన్న గుంట మాత్రం మిగులుతుంది. వినాళ గ్రంథి అని బడిలో బట్టీ పట్టాం గానీ ఆ నాళం ఏమైందని ఒక్కరమైనా అడిగామా?

అయితే గోబ్లెట్ కణం గురించి ఒక్క ముక్క లేదు. అది ఒకే కణం, నాళమూ లేదు, అయినా మ్యూకస్‌ని (జిగురు స్రావాన్ని) పేగు లోపలి ఉపరితలం మీదికే వదులుతుంది కాబట్టి ఎక్సోక్రైనే. నాళం ఉందా లేదా అన్న ఒక్క గుర్తుతో చదివితే సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాం.

సింపుల్, కాంపౌండ్ కార్డులకు మాత్రం ఫుల్ మార్కులు. నాళానికి నీలం, స్రవించే భాగానికి ఎరుపు వేశారు. నీలం కొమ్మలు వేస్తే కాంపౌండ్, ఎరుపు ఒక్కటే కొమ్మలు వేస్తే సింపుల్ బ్రాంచ్‌డ్, అంతే, ఇక మర్చిపోను. సీరస్ (నీళ్లలాంటి పల్చటి స్రావం), మ్యూకస్ కార్డులు పర్వాలేదు. క్లోమం బొమ్మలో లాంగర్‌హాన్స్ పుటికలు (హార్మోన్లు తయారుచేసే కణాల గుంపులు) సగం గ్రంథిని ఆక్రమించినట్టు గీశారు, నిజానికి అవి క్లోమం బరువులో 1-2 శాతమే, మిగతాదంతా దాదాపు ఎంజైములు తయారుచేసి నాళం గుండా పేగులోకి పంపే భాగమే.

అసలు బాధ స్రవించే పద్ధతుల దగ్గర. చర్మంలోని నూనె గ్రంథిని అపోక్రైన్ కింద వేసేశారు! అక్కడ కణం మొత్తం పగిలిపోయి అదే స్రావమవుతుంది, అంటే హోలోక్రైన్. అపోక్రైన్‌లో అయితే కణం పైభాగం కాస్తే తెగి స్రావంతో పోతుంది, మీరోక్రైన్‌లో కణం చెక్కుచెదరదు. నేను వారం రోజులు తప్పే చదివి, పక్కనున్న ఫ్రెండ్‌కి కూడా అదే గట్టిగా వాదించి చెప్పాను. చంకలోని అపోక్రైన్ చెమట గ్రంథులు పేరుకే అపోక్రైన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ప్రధానంగా మీరోక్రైన్ పద్ధతే, అదీ రాయలేదు. పాల గ్రంథి అయితే కొవ్వుని అపోక్రైన్‌గా, ప్రోటీన్లని మీరోక్రైన్‌గా వదులుతుంది, రెండూ ఒకే కణం చేస్తుంది. ఇంత మంచి ఉదాహరణని ఎలా వదిలేశారో!

అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే తర్వాతి ప్రింట్‌లో సరిచేస్తాం అన్నారు, కార్డు మార్చి పంపమంటే జవాబు లేదు. పెన్నుతో కొట్టేసి నేనే రాసుకున్నా. అయిదుకి మూడు స్టార్లు, అవీ ఆ నీలం ఎరుపు కార్డుల కోసమే.