మన్ననూరు అడవిలో పిట్టల వెంట నడక

నల్లమలకు పోతున్నామంటే అందరూ అడిగేది ఒకటే, "పులి కనిపిస్తదా?" అని. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. సఫారీ బండి తిరిగేది అందులో ఒక చిన్న మూల మాత్రమే. పులి కనిపిస్తే మన అదృష్టం. పిట్టలు, చెట్లు, జంతువుల జాడలు చూడాలనుకునేవాళ్లకు మాత్రం హైదరాబాద్ నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఇంతకన్నా మంచి అడవి లేదని నా నమ్మకం. అక్కడ బండి దిగి నడవాలి. నా సలహా అంతా అదే.

ముందు బస సంగతి. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి. గది, సఫారీ, కాలినడక అన్నీ కలిపిన 'టైగర్ స్టే' ప్యాకేజీ 2021లో మొదలైంది, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. గది సాదాసీదాగా ఉంటుంది. తిండి కూడా అంతే, వేళకు వేడిగా దొరికితే చాలు అనుకునేవాళ్లకు సరిపోతుంది. వాటికన్నా ముఖ్యం, తెల్లారేసరికి మనం అడవి అంచున ఉంటాం. శ్రీశైలం రోడ్డు మీద అడవి దారిని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరి వచ్చేవాళ్లకు పిట్టలు గలగలలాడే ఆ మొదటి రెండు గంటలు దారిలోనే అయిపోతాయి. ఇంకోసారి రోడ్డు పక్కన ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. అద్దె తక్కువే గానీ పక్క గదిలో అర్ధరాత్రి దాకా పాటలు. గుడ్లగూబ కూత వినాలని వచ్చినవాళ్లకు అలాంటి చోటు పనికిరాదు.

నడకకు మా వెంట వచ్చింది ఒక చెంచు గైడు. నా దగ్గర బైనాక్యులర్ ఉంది, ఆయన దగ్గర చెవులున్నాయి. నేను కొమ్మల్లో వెతుకుతుంటే ఆయన ఆగి చెయ్యెత్తేవాడు, కాసేపటికి అక్కడే పిట్ట కదిలేది. దారి పక్కన తెల్లటి మానుతో, పల్చటి పొరలుగా ఊడుతున్న బెరడుతో ఒక చెట్టు కనిపించింది.

"అన్నా, ఇదేం చెట్టు?"

"తపసి సార్. బంక దీనికే వస్తది. గాటు లోతుగ పెడితే చెట్టు చస్తది, అందుకే పైపైన గీస్తం."

దగ్గరికి పోయి చూస్తే పాత గాటు అంచున బంక కారి గడ్డకట్టి ఉంది, బొటనవేలంత ముద్ద, మబ్బు రంగు. లోపల ఒక నల్లచీమ ఇరుక్కుపోయింది. చెంచుల సంసారాలు ఈ బంక మీద, తేనె మీద ఎన్ని తరాలుగా నడుస్తున్నాయో! వాళ్ల కళ్లతో చూడకపోతే ఈ అడవిలో మనకు సగం కనిపించదు.

ఇంకొంచెం ముందుకు పోతే ఒక పుట్టను ఎవరో గునపంతో తవ్వినట్టుంది. ఆయన వంగి మట్టి ముట్టుకుని, "రాత్రిదే సార్, ఎలుగుబంటి. ఇంక తడిగనే ఉంది" అన్నాడు. చెదల కోసం తవ్విందది. పక్కనే నల్లమద్ది మాను, మొసలి వీపులా పగిలిన బెరడు, దాని మీద పై దాకా గోళ్ల గీతలు. పైన తేనెపట్టు ఉండి ఉంటుందన్నాడు. అక్కడి నుంచి పొదలు దట్టంగా ఉన్నచోటల్లా ఆయన కావాలనే గొంతు పెంచి మాట్లాడాడు. మనం వస్తున్నట్టు ఎలుగుబంటికి ముందే తెలిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది, ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీద పడుతుంది.

పిట్టల కోసం వచ్చేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అరగంట ఏమీ కనిపించకపోయినా విసుక్కోవద్దు. అడవిలో పిట్టలు గుంపుగా మేస్తాయి, వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే వస్తాయి. మాకు ముందు వినిపించింది పొడుగు తోక పసులపోలిగాడు, తోక చివర రెండు ఈకలు వేలాడేది. ఇది మిగతా పిట్టల కూతలన్నీ అనుకరిస్తుంది. దాని వెనకే వడ్రంగిపిట్టలు, మినివెట్లు, అయోరాలు అనే చిన్న పిట్టలు. వడ్రంగిపిట్ట బెరడు కొడితే లేచిన పురుగును పసులపోలిగాడు గాల్లోనే అందుకుంటోంది. పది నిమిషాల్లో గుంపు దాటిపోయింది. పైన కొమ్మల్లో బెట్టుడుత, అంటే అడవి పెద్ద ఉడుత, ఒకటి కూర్చుని ఏదో కాయ కొరుకుతూ మమ్మల్ని పట్టించుకోనే లేదు.

ఫర్హాబాద్ వ్యూపాయింట్ దాకా పోయే సఫారీ కూడా బాగుంటుంది, నడవలేని పెద్దవాళ్లు ఉంటే అదే మేలు. అంచున నిలబడితే కింద లోయంతా అడవే. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు దాదాపు ఖాయం. అయితే బండి చప్పుడుకు చిన్న పిట్టలు నిలవవు.

అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారం. గుడి కొండచరియ కింద ఉంటుంది. ఆ రాతి గుట్టల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం చాలాసేపు వెతికాను. దక్షిణాది కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది. నాకు దొరకలేదు, మీకు దొరకాలి. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం అందమైన చోటే. 300కు పైగా మెట్లు దిగాలి, వానలు వెనకబట్టాక నీళ్లు బాగుంటాయి. ఆదివారం మాత్రం వద్దు, జనం గోలలో పిట్ట కూత వినబడదు.

యురేనియం తవ్వకాలు వద్దని 2019లో ఇక్కడి ఊళ్లు గట్టిగా నిలబడ్డాయి, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ కూడా తీర్మానం చేసింది. ఈ దారుల్లో నడిచినప్పుడల్లా ఆ ఊళ్లవాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

వెళ్లడానికి ఫిబ్రవరి, మార్చి మంచివి. ఆకు రాలి పిట్టలు బాగా కనిపిస్తాయి, మోదుగు, కొండగోగు పూసి ఉంటాయి, మోదుగు చెట్టు కింద గంటసేపు కూర్చున్నా తేనెపిట్టలతో, గోరింకలతో పొద్దుపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలు సీసాలో నీళ్లు పట్టుకోండి. మట్టి రంగు బట్టలు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. సిగరెట్టు, అగ్గిపెట్టె గదిలోనే వదిలేయండి, ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకు కొండలే అంటుకుంటాయి. ప్యాకేజీ బుక్ చేసేటప్పుడే నడక పొద్దున పెట్టమని, సఫారీ సాయంత్రం పెట్టమని అడగండి.