పడుకునే ముందు అమరావతి కథలా, పసలపూడి కథలా?

పగలంతా ఆఫీసు టెన్షన్, రాత్రికి మనసు తేలికపడే పల్లె కథలేవైనా చెప్పమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా నాన్నకి కంటి ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు రాత్రిపూట నేనే చదివి వినిపించాను కాబట్టి అమరావతి, పసలపూడి ఈ రెండు పుస్తకాల సంగతీ కాస్త తెలుసు.

వంశీ ‘మా పసలపూడి కథలు’ చదువుతుంటే పక్కింటి అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లు విన్నట్టుంటుంది. గోదావరి యాస పైకి చదివితే ఇంకా బాగుంటుంది. చిక్కల్లా తిండితోనే. రాత్రి పదింటికి ఆ వంటల వర్ణన వింటే నిద్ర రాదు, ఆకలేస్తుంది. నాన్న రెండుసార్లు లేచి మజ్జిగన్నం తిన్నారు. పైగా నవ్విస్తూ నవ్విస్తూనే కొన్ని కథలు చివర్లో గుండె పిండేస్తాయి. ఆ మనుషులు లైటు తీశాక కూడా మన పక్కనే కూర్చుంటారు.

నా లెక్కలో అసలు చూడాల్సింది ఇదే: పుస్తకం మూశాక కథ మనల్ని వదిలిపెడుతుందా, లేదా? సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ వదిలిపెడతాయి. మొత్తం నూరు కథలు, చాలామటుకు మూడు నాలుగు పేజీలే. కృష్ణ ఒడ్డు, గుడి గంటలు, ఓ మనిషి, ఓ చిన్న సంగతి, అంతే. రోజుకొకటి చదివినా మూడు నెలలు దాటుతుంది. అన్నీ హాయి కథలే అనను. మొదటిదే ‘వరద’, దాన్ని పగటికి ఉంచుకోండి. 1979లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన పుస్తకం కదా, బరువుగా ఉంటుందేమో అని భయపడేవాళ్లున్నారు. అలాంటిదేం లేదు. అలిసిపోయిన బుర్రకి కూడా ఎక్కుతుంది.

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ నాకు ప్రాణం, కానీ చిత్తూరు యాస అలవాటు లేనివాళ్లకి మొదటి పది పేజీలు ఓపిక కావాలి. స్నేహం కథే కావాలంటే ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఉంది, రైల్వే స్టేషన్‌లో జరిగే చివరి భాగం మాత్రం రాత్రి వద్దు.

పసలపూడి ఆదివారం మధ్యాహ్నానికి, భోజనం అయ్యాక. రాత్రికి అమరావతే. నాన్న కళ్లు ఎప్పుడో బాగయ్యాయి, ఇప్పటికీ తొమ్మిదయ్యేసరికి ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెడుతున్నారు.