రొయ్యల గుంటల మీద నట్‌ఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్): ఒక సెన్సార్ పోయినా మిగతావి ఆగకూడదు

మాది ఇందుకూరుపేట మండలం, మామయ్యకి మైపాడు వైపు నాలుగు వనామీ రొయ్యల గుంటలున్నాయి. నాలుగింటికీ డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్లు పెట్టి, అన్నిటినీ ఒకే ఆర్ఎస్-485 లైన్ (చాలా పరికరాలు పంచుకునే డేటా వైరు) మీదకి తెచ్చి, ఆక్సిజన్ 4.5 పీపీఎం కన్నా దిగితే ఆ గుంట ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వాటంతటవే తిరిగేలా ఎస్‌టీఎం32ఎఫ్407 మైక్రోకంట్రోలర్ బోర్డుతో కంట్రోలర్ చేశాను. మొదటిసారి ఓఎస్ ఏమీ లేదు, ఒకటే లూప్. సెన్సార్‌ని అడగడం, జవాబు తొమ్మిది బైట్లూ వచ్చేదాకా అక్కడే నిలబడటం, ఆ తర్వాతి గుంటకి పోవడం.

ఒక రాత్రి రెండో గుంటకి దిగే వైరుని పందికొక్కు కొరికేసింది. ప్రోగ్రామ్ రెండో సెన్సార్ జవాబు కోసం కూర్చుంది, వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రామ్ ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టించేది) బోర్డుని రీసెట్ చేసినా మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది, మూడో, నాలుగో గుంటల వంతు రానే లేదు. తెల్లవారుజామున నాలుగో గుంటలో రొయ్య పైకి తేలడం కాపలా మనిషి చూసి స్విచ్ వేశాడు కాబట్టి పంట దక్కింది. "ఏందబ్బాయా, ఒకటి పోతే నాలుగూ పోతాయా?" అని మామయ్య అడిగిన మాట ఇప్పటికీ మర్చిపోలేను.

తర్వాత అపాచీ నట్‌ఎక్స్‌కి మారాను. గ్రెగరీ నట్ 2007లో విడుదల చేసిన చిన్న ఓఎస్ ఇది, ఉచితం. నాకు బాగా నచ్చింది ఏంటంటే సీరియల్ పోర్టు (సెన్సార్ల లైను బోర్డుకి కలిసే చోటు) ఇక్కడ లైనక్స్‌లో లాగే ఒక ఫైలు. ఓపెన్ చేసేటప్పుడు నాన్‌బ్లాక్ ఫ్లాగ్ ఇస్తే, డేటా లేనప్పుడు రీడ్ ఆగిపోదు, వెంటనే మైనస్ ఒకటి ఇచ్చి ఎర్నో అనే ఎర్రర్ నంబర్ వేరియబుల్‌లో 'ఈఅగైన్' పెడుతుంది, అంటే ఇప్పుడేమీ లేదు మళ్ళీ రా అని. అందుకే కోడ్ మొత్తం ముందు ఇంట్లో లైనక్స్ లాప్‌టాప్‌కి యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి సెన్సార్‌తో పరీక్షించుకుని, ఆ తర్వాతే బోర్డులోకి ఎక్కించాను, రీడ్ చేసే భాగంలో ఒక్క లైను కూడా మార్చలేదు.

ఒక్క ఫ్లాగ్‌తో పని అయిపోదు, ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తప్పకుండా చెప్పాలి. ఈఅగైన్ వచ్చిన ప్రతిసారీ వెంటనే మళ్ళీ రీడ్ అంటూ తిరిగితే, నట్‌ఎక్స్‌లో ప్రయారిటీ ఎక్కువున్న టాస్క్‌దే రాజ్యం కాబట్టి కింది టాస్కులకి సీపీయూ అందదు. పోల్ వాడాలి, అంటే డేటా వచ్చేదాకా లేదా గడువు అయ్యేదాకా టాస్క్‌ని నిద్రపుచ్చే కాల్. నేను ఒక్కో సెన్సార్‌కి 200 మిల్లీసెకన్ల గడువు పెట్టాను, నాలుగూ మూగబోయినా 0.8 సెకన్లలో రౌండ్ పూర్తవుతుంది. ఇంకొకటి, మొదటి బైట్ రాగానే పోల్ లేస్తుంది, 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) దగ్గర తొమ్మిది బైట్లు రావడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి అప్పుడు రీడ్ చేస్తే ఒకటో రెండో బైట్లే చేతికొస్తాయి. వాటిని దాచుకుని, మిగిలిన గడువుతో మళ్ళీ పోల్‌కి పోయి, తొమ్మిదీ పోగయ్యాకే సీఆర్సీ (డేటా చెడలేదని తేల్చే లెక్క) చూడాలి. నాకు రెండు రోజులు పట్టింది ఇక్కడే.

ఆర్ఎస్-485 చిప్‌ని పంపే వైపు, వినే వైపు తిప్పే పిన్ను కాన్ఫిగ్‌లో ఆన్ చేస్తే డ్రైవరే చూసుకుంటుంది, పెద్ద టెన్షన్ తప్పింది. కాన్ఫిగ్ మెనూ మాత్రం చాలా పెద్దది, అలవాటు పడటానికి ఓపిక కావాలి. ప్రోగ్రామ్ నుంచి బాడ్ రేటు మార్చాలంటే టెర్మియోస్ (పోర్టు సెట్టింగులు మార్చే) ఆప్షన్ ఆన్ చేయాలి. రిసీవ్ బఫర్ (వచ్చిన బైట్లు చదివేదాకా ఉండే చోటు) నిండాక వచ్చే బైట్లు పోతాయి, కాబట్టి దాని సైజు కూడా చూసుకోండి.

మామయ్య ముందే రెండో గుంట వైరు పీకి చూపించాను. మిగతా మూడింటి రీడింగులు మామూలుగానే మారుతున్నాయి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోయేసరికి రెండో గుంట ఏరియేటర్లు ఆన్ అయిపోయాయి, సెన్సార్ లేనప్పుడు గాలి ఆడటమే క్షేమం అని అలా రాశాను. ఆయన గట్టు మీద కూర్చుని పావుగంట చూసి, నాలుగో గుంట వైరు కూడా పీకమన్నారు. పీకాను, అక్కడా ఏరియేటర్లు తిరిగాయి. నట్‌ఎక్స్‌కి ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను, ఆ అర కాన్ఫిగ్ మెనూకి తీసేశాను.