పాత చిన్న కారుకు కొత్త మోడల్ బ్రేకులు: ఆరు నెలలు వాడి చూశాక

నా కారు మనుషులతో కలిపి దాదాపు వెయ్యి కిలోలు తూగే చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాలకు 239 మిల్లీమీటర్ల సాదా డిస్కులు, వెనుక చక్రాలకు 180 మిల్లీమీటర్ల డ్రమ్ములు దానితో పాటు వచ్చినవి. అదే కంపెనీ తరువాత తెచ్చిన, ఇంజిన్ కాస్త పెద్దదైన మోడల్‌కు ముందు వైపు 256 మిల్లీమీటర్ల వెంటిలేటెడ్ (మధ్యలో గాలి పారే సందులున్న) డిస్కులు, వెనుక 200 మిల్లీమీటర్ల డ్రమ్ములు ఉన్నాయి. రెండు మోడళ్లకూ ముందు నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) మీద క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టి నొక్కే భాగం) బ్రాకెట్ బిగించే రంధ్రాల మధ్య దూరం ఒకటే కావడంతో, అనుభవమున్న మెకానిక్ ఒకరు పక్కన ఉండగా ఆ సామగ్రిని నా కారుకు మార్చుకొని, ఆరు నెలలుగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్, వెనుక డ్రమ్ములతో సహా మొత్తం సెట్టుగా తీసుకుంటే ఇది పెట్టిన శ్రమకు తగిన మార్పు. ముందు డిస్కులు, క్యాలిపర్లు మాత్రం తెచ్చి బిగించి ఊరుకుంటే, దానికంటే మంచి ప్యాడ్లు వేసుకున్న పాత బ్రేకులే మేలు.

నన్ను ఈ పనికి పురిగొల్పింది కొండ దారి. సమతలపు రోడ్డు మీద పాత బ్రేకులతో నాకు ఎన్నడూ పేచీ లేదు. నలుగురు కూర్చొని, డిక్కీ నిండా సామాను పెట్టుకొని, మలుపు మలుపుకూ బ్రేకు వేస్తూ దిగుతున్నప్పుడు మాత్రం నాలుగో ఐదో మలుపు దాటేసరికి కాలిన వాసన వచ్చేది, పెడల్ ఎంత తొక్కినా బండి మునుపటిలా పట్టేది కాదు. కారణం వేడి. వెయ్యి కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే సుమారు 386 కిలోజూళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో నాలుగింట మూడు వంతులు ముందు బ్రేకుల మీదే పడుతుందని అనుకుంటే, 3.6 కిలోలు తూగిన నా పాత డిస్కు ఒక్కసారి ఆపినందుకే సుమారు 85 డిగ్రీల మేర వేడెక్కాలి. 5 కిలోలు తూగిన కొత్త డిస్కుకు అదే లెక్క 60 డిగ్రీల దగ్గర తేలుతుంది. పైగా దాని రెండు రేకుల మధ్య ఉన్న సందుల గుండా, చక్రం తిరిగినంతసేపూ గాలి లోపలి నుంచి అంచుకు పారుతూ వేడిని లాగేస్తుంది కనుక, తరువాతి మలుపు వచ్చేలోగా అది చల్లబడే తీరు కూడా వేరు. బ్రేకు అరిగిపోవడానికీ, వేడెక్కి పట్టు సడలడానికీ తేడా తెలియక ఏడాదికోసారి ప్యాడ్లు మార్పించిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇక లెక్కల విషయానికి వస్తే, కొంచెం ఓపిక అవసరం కానీ అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పాత క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, కొత్తది 54. వ్యాసంలో తేడా ఆరు మిల్లీమీటర్లే అయినా వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అదే ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్ మీద పడే బలం దాదాపు 27 శాతం ఎక్కువ. డిస్కు పెద్దది కావడం వల్ల ఆ బలం పనిచేసే చోటు ఇరుసుకు మరికాస్త దూరమై ఇంకో 7 శాతం కలుస్తుంది. రెండూ కలిసి ముందు చక్రాలను పట్టి ఆపే బలం 36 శాతం పెరిగినట్లు. వినడానికి ఇది ఎంతో బాగుంది. అయితే వెనుక బ్రేకులను ముట్టుకోకుండా ముందు వాటిని మాత్రం ఇంత పెంచితే, ముందు టైర్లు తొందరగా లాక్ అయి (తిరగడం ఆగిపోయి) జారడం మొదలుపెడతాయి, వెనుక టైర్లు తమ వంతు పని చేయకుండానే ఉండిపోతాయి. ముందు చక్రాలు జారినంతసేపూ స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. తడి రోడ్డు మీద ఇలాంటి కారు, పెద్ద డిస్కులు ఉండి కూడా, పాత కారు కంటే ఎక్కువ దూరం పోయి ఆగవచ్చు.

కొత్త మోడల్ వెనుక సామగ్రిని కొలిచి చూసినప్పుడు, దానిని రూపొందించిన ఇంజనీర్ల మీద నాకు గౌరవం పెరిగింది. డ్రమ్ము లోపల ఆనే షూలను నెట్టే పాత వీల్ సిలిండర్ వ్యాసం 15.87 మిల్లీమీటర్లు, కొత్తది 17.46. వైశాల్యంలో తేడా 21 శాతం. డ్రమ్ము 180 నుంచి 200కు పెరగడం వల్ల 11 శాతం. రెండింటినీ గుణిస్తే వెనుక బలం 34 శాతం పెరిగినట్లు తేలింది, అంటే ముందు పెరిగినదానికి దాదాపు సమానం. ముందు వెనుకల నిష్పత్తి చెక్కుచెదరలేదు! ఎవరో బల్ల ముందు కూర్చొని ఈ తూకం సరిచూసి ఉంటారు. మనం అందులోంచి మనకు నచ్చిన ముక్కను పీకి తెచ్చుకుంటే ఆ తూకం మనతో రాదు. మాస్టర్ సిలిండర్ సంగతీ అంతే. పిస్టన్లు పెద్దవైతే వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పాత 20.64 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్‌తో పెడల్ ఇంకా లోతుకు పోతుంది. కొత్త మోడల్‌లో ఉన్నది 22.2 మిల్లీమీటర్లది. అది వేస్తే పెడల్ ప్రయాణం దాదాపు మామూలు స్థాయికి వస్తుంది, కానీ పాదం పెట్టే బలానికి పుట్టే ఒత్తిడి 14 శాతం తగ్గుతుంది. అన్నీ కలిపి చూస్తే చివరికి మిగిలే లాభం 16, 17 శాతమే. అమ్మేవారు 36 శాతం అని చెబితే అది అబద్ధం కాదు, కాకపోతే సగం లెక్క దగ్గర ఆపేసిన నిజం.

బిగింపులో మొదటి చిక్కు చక్రాలు. 256 మిల్లీమీటర్ల డిస్కు, దాని క్యాలిపర్ నా 13 అంగుళాల రిమ్ములలో పట్టలేదు. ఇది అన్ని చిన్న కార్లకూ ఉన్న తంటాయే. 1959లో వచ్చిన మినీకి నాలుగు వైపులా డ్రమ్ములు, 10 అంగుళాల చక్రాలు ఉండేవి. 1984 నుంచి మినీలన్నిటికీ 12 అంగుళాల చక్రాలు, వాటితో పాటు ముందు 8.4 అంగుళాల డిస్కులు వచ్చాయి. పాత మినీకి ఆ తరువాతి డిస్కులు వేద్దామనుకునేవారికి ఇప్పటికీ అడ్డు తగిలేది ఆ 10 అంగుళాల చక్రమే. నేను కొత్త మోడల్ 14 అంగుళాల రిమ్ములే తీసుకొని, 155/80 టైర్ల బదులు 175/65 టైర్లు వేయించాను. మొత్తం వ్యాసం ఒక శాతం కూడా మారలేదు కనుక స్పీడోమీటర్ చూపే వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెప్నీ మాత్రం పాత 13 అంగుళాలదే మిగిలిపోయింది, అది ముందు ఎక్కదని గుర్తొచ్చి దానినీ మార్చవలసి వచ్చింది. రిమ్ము కొనే ముందు బోల్టుల వలయం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి ఉంటుందో చెప్పే కొలత) మూడూ సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. డిస్కు వెనుక ఉండే మట్టి రేకు కూడా కొత్త మోడల్‌దే కావాలి, పాతది పెద్ద డిస్కు అంచుకు రాసుకుంటుంది.

పైపుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మిల్లీమీటర్ మరలు, అంగుళపు మరలు చూపుకు ఒకేలా ఉంటాయి. 10 మిల్లీమీటర్ల మర ఉండవలసిన చోట మూడు ఎనిమిదో వంతుల అంగుళం నట్టు రెండు చుట్లు తిరిగి, బిగిసినట్లే నమ్మించి, ఒత్తిడి పడినప్పుడు ఊడిపోగలదు. పైపు కొనను మలిచే తీరులో కూడా రెండు రకాలున్నాయి, ఒకదాని చోట ఇంకొకటి వేస్తే ఆయిల్ ఊరుతుంది. నా అదృష్టం కొద్దీ ఇనుప పైపులు ఒకే కొలత. రబ్బరు హోస్ పైపులు మాత్రం క్యాలిపర్‌కు కలిసే చోట వేరు కావడంతో కొత్త మోడల్‌వే వేశాను. వాటి బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లను ఎవరూ రెండోసారి వాడకూడదు.

అన్నీ బిగించిన రాత్రి జరిగిన సంగతి చెప్పకుండా ఉండలేను. బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీయడం మొదలుపెట్టాం. లీటరున్నర ఆయిల్ పోయింది, పెడల్ మాత్రం స్పాంజి మీద కాలు పెట్టినట్లే ఉంది. మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాం, హోస్ పైపులను అనుమానించాం, చివరికి ఒకరి పనితనాన్ని ఒకరం అనుమానించుకునే దాకా వచ్చింది. మర్నాడు వెలుతురులో చూస్తే ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకు ఎక్కించి ఉన్నాం. రెండూ చక్కగా బిగుస్తాయి, బ్రేకు కూడా పడుతుంది. కానీ గాలి తీసే నిపుల్ పైకి ఉండవలసింది కిందికి వస్తుంది. గాలి ఎప్పుడూ పైనే చేరుతుంది కనుక కింది నుంచి ఎంత ఆయిల్ తీసినా ఆ బుడగ కదలదు. రెంటినీ అటుదిటు మార్చిన పావుగంటలో పెడల్ రాయిలా గట్టిపడింది.

బ్రేక్ ఆయిల్‌గా డాట్ 4 అనే రకం వేశాను. తాజాగా ఉన్నప్పుడు డాట్ 3 కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, నీరు చేరితే 140. డాట్ 4కు అవి 230, 155. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కనుక పెద్ద డిస్కులు వేసి, ఏళ్ల నాటి ఆయిల్‌నే ఉంచితే డబ్బు సగం వృథా. పేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన డాట్ 5ను వీటితో కలపకూడదు, అది సిలికాన్ ఆయిల్.

కొత్త ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడేందుకు ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపకుండా పదిసార్లు నెమ్మదించి, మధ్యలో చల్లారనిచ్చాను. ఆ తరువాత అదే కొండ దారిలో, అంతే బరువుతో దిగాను. వాసన లేదు. చివరి మలుపు దగ్గర పెడల్ మొదటి మలుపు దగ్గర ఉన్న ఎత్తులోనే ఉంది. ఈ ఒక్క మాట కోసమే నేను ఇంత పనీ పెట్టుకున్నాను కనుక, ఇక్కడ ఈ సామగ్రికి పూర్తి మార్కులు ఇస్తాను. కానీ మామూలు రోడ్డు మీద 60 నుంచి ఒక్కసారిగా ఆపితే ఆగే దూరం మునుపటికీ ఇప్పటికీ నాకు తేడాగా కనిపించలేదు. కనిపించకూడదు కూడా. పాత బ్రేకులకు సైతం చక్రాన్ని లాక్ చేసేంత బలం ఉండేది. ఆ పైన బండిని ఆపవలసింది టైరు. పొడి రోడ్డు మీద టైరు పట్టు (ఘర్షణ గుణకం) 0.8 అనుకుంటే ఆ వేగంలో ఆగడానికి దాదాపు 18 మీటర్లు పడుతుంది, డిస్కు ఎంత పెద్దదైనా ఆ లెక్క మారదు. ఎప్పుడూ ఊళ్లోనే, ఒకరిద్దరితో తిరిగే కారుకు ఈ మార్పు అక్కరలేదు. మంచి టైర్లు, కొత్త ఆయిల్ దానికి చాలు.

చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారుకైతే నేను ఈ పని చేసేవాణ్ణి కాను. దాని కంట్రోల్ యూనిట్ తన సొంత బ్రేకుల కొలతలను బట్టి ఎప్పుడు ఎంత ఒత్తిడి వదలాలో నిర్ణయిస్తుంది, ఆ కొలతలను మార్చి దానికి చెప్పకుండా ఉంటే ఏమి చేస్తుందో ఊహించలేం. ఏబీఎస్ లేకపోయినా, బ్రేకుల మార్పు వాహన తనిఖీకీ బీమాకూ సంబంధించిన విషయం కనుక ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, ఒప్పుకున్నాకే పనికి పూనుకోవాలి.

ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. క్యాలిపర్లు, వెనుక పళ్లేలు (షూలు బిగించే రేకులు) విప్పిన కారు నుంచి తెచ్చినవి. అమ్మినవారు సీళ్లు మార్చామని చెప్పారు; విప్పి చూస్తే ఒక పిస్టన్ అంచున తుప్పు మచ్చలు, దాని మీద కొత్త సీలు. ఆ పిస్టన్‌ను పారేసి కొత్తది వేయించాను. డిస్కులు, ప్యాడ్లు, షూలు, హోస్ పైపులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కొత్తవే కొనాలని నా గట్టి అభిప్రాయం. వాడినవి తీసుకోదగ్గది బ్రాకెట్లు, పళ్లేలు, బాగుచేసిన క్యాలిపర్ బాడీ వరకే. చక్రాల దగ్గర బరువు పెరగడంతో గుంతల మీద ముందు భాగం కాస్త ఎక్కువగా అదురుతోంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సరిపోయింది గానీ సర్దే మర దాదాపు చివరి దాకా వచ్చింది, సాగితే కొత్తది వేయక తప్పదు. తేమగా ఉన్న ఉదయాల్లో మొదటి రెండు మూడుసార్లు డిస్కు కీచుమంటుంది, తరువాత మాట్లాడదు.

పోయిన వారం చక్రాలు విప్పి చూశాను. ముందు ప్యాడ్లు లోపలిదీ బయటిదీ సమానంగా అరిగాయి, అంటే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేయలేదు. వెనుక షూలు మొత్తం వెడల్పున ఆనిన గుర్తులు ఉన్నాయి, డ్రమ్ములో ఆయిల్ చెమ్మ లేదు. తుప్పు మచ్చలున్న పిస్టన్ ఏ క్యాలిపర్‌లోంచి తీశామో దాని డస్ట్ బూటు (దుమ్ము చేరకుండా ఉండే రబ్బరు తొడుగు) అంచున మాత్రం సన్నని చీలిక కనిపించింది, దానికి కొత్తది తెప్పిస్తున్నాను.