జాగ్రత్త! ఆ షెడ్డులో గేర్‌బాక్స్ లీకు పని చేయించుకున్నవాళ్లు ముందు ఇది చదవండి

చేతులకు ఇంకా గేరాయిలు కంపు వదల్లేదు. సబ్బు పెట్టి మూడుసార్లు రుద్దినా గోళ్ల సందుల్లో ఆ కుళ్లిన గుడ్డు వాసన అలాగే ఉంది. కోపం కాస్త చల్లారాక రాద్దామనుకున్నాను. కానీ నాకు చల్లారేలోపు మనలో ఇంకెవరైనా అక్కడ బండి వదిలేసి వస్తారేమోనని భయం వేసింది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఆ మెకానిక్ పేరు రాయను. స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు అతను తెలియకుండా ఉండడు. నేను వెళ్లింది కూడా ముగ్గురు గట్టిగా చెప్పడం వల్లే. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ నమ్మినవాళ్లే.

బండి మాజ్డా ఎంఎక్స్-5, మొదటి తరం, 1.8 ఇంజిను, ఐదు గేర్లు. పాతికేళ్లు దాటిన బండి కాబట్టి రబ్బరు సీళ్లు గట్టిపడి కారడం వింతేమీ కాదు. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట, క్లచ్‌ను కప్పి ఉండే బెల్‌హౌసింగ్ అడుగున చుక్క వేలాడేది. అక్కడ పడే చుక్క రెండు చోట్ల నుంచి రావచ్చని మీకు తెలుసు. ఇంజిను వెనక ఉండే క్రాంక్ సీలు పోతే ఇంజినాయిలు, గేర్‌బాక్స్ ముందు ఉండే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోతే గేరాయిలు. తెల్ల కాగితం మీద పట్టి వాసన చూశాను. గేరాయిల్లో గంధకం మందు ఉంటుంది, ఆ కంపు ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోలేం. సందేహమే లేదు, ఇన్‌పుట్ సీలు.

అదే మాట అతనికి చెప్పాను. కిందికి దూరి చూసి, "నిజమే సార్, ఇన్‌పుట్ సీలే. గేర్‌బాక్స్ దించాల్సిందే. రెండు రోజులు టైమివ్వండి" అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో! రెండు రోజులకు ఫోన్ చేశాడు. వెళ్లాను. పాత సీలు ఇమ్మని అడిగాను కూడా. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి, నేను అడగకుండా ఏమీ వదల్లేదు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. జిడ్డోడుతున్న ఒక రబ్బరు సీలు, అంచు చిరిగి ఉంది. "చూడండి సార్, ఎలా అయిపోయిందో" అన్నాడు. బిల్లులో "గేర్‌బాక్స్ దింపి సీలు మార్చినందుకు" అని స్పష్టంగా రాసుంది. అడిగినంతా చెల్లించి, థాంక్స్ చెప్పి మరీ వచ్చాను. కింద ఒకసారి తొంగి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. చూడలేదు. ఆ తప్పు నాదే, ఇవాళ పొద్దుటి నుంచి దాని గురించే తలబాదుకుంటున్నాను.

మూడు వారాలు చుక్క పడలేదు. రోజూ పొద్దున్నే బండి కింద పరిచిన అట్ట తీసి చూసేవాణ్ని, పొడిగా ఉండేది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

తర్వాత పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కరకరలాడడం మొదలైంది. ఇంకో వారానికి ఎత్తు రోడ్డు మీద ఐదో గేరులో ఉండి యాక్సిలేటర్ నొక్కితే, ఇంజిను చుట్లు పెరిగాయి గానీ బండి వేగం పెరగలేదు. అంటే క్లచ్ జారుతోంది. అతనికే ఫోన్ చేశాను. "క్లచ్ ప్లేటు అయిపోయి ఉంటుంది సార్, తీసుకురండి, మార్చేద్దాం" అన్నాడు. ఆ క్లచ్ వేయించి ఎక్కువ రోజులు కాలేదు. అంత తొందరగా అయిపోయేది కాదు. గేర్‌బాక్స్ దింపినప్పుడు క్లచ్ ఎదురుగానే ఉంటుంది కదా, అప్పుడు ఒక్క మాటా ఎందుకు చెప్పలేదని అడిగితే లైన్ కట్ చేశాడు.

నిన్న రాత్రి బండిని స్టాండ్ల మీద ఎక్కించి కిందికి దూరాను.

మొదట కంటపడింది పవర్ ప్లాంట్ ఫ్రేమ్. ఈ బండి ఉన్నవాళ్లకు తెలుసు, గేర్‌బాక్స్ తోకను, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌తో కలిపే పొడుగాటి అల్యూమినియం దూలం అది. దాన్ని విప్పకుండా గేర్‌బాక్స్ దించడం ఎవరి వల్లా కాదు. దాని బోల్టుల తలల మీద ఏళ్ల నాటి మట్టి జిడ్డుతో కలిసి పెచ్చు కట్టి అలాగే ఉంది. ఒక్క గీత కూడా లేదు. పాన పడితే ఆ పెచ్చు రాలిపోవాలి. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు చూశాను, అవీ అంతే. బెల్‌హౌసింగ్ చుట్టూ ఉన్న బోల్టులు కూడా అంతే. గేర్‌బాక్స్ దిగలేదు. దాని మీద చెయ్యే పడలేదు.

ఇక చుక్క ఎలా ఆగింది? టార్చి ముందుకు జరిపాను. బెల్‌హౌసింగ్ అడుగున, ఇంజినుతో కలిసే చోటున్న సందు పొడుగునా నల్ల సిలికాన్ దట్టంగా పూసి ఉంది. వేలి ముద్రలతో సహా కనపడుతోంది. కారే చోటు కాదు మూసింది, కారింది బయటికి వచ్చే దారి మూశాడు.

ఆ సందు ఊరికే ఉండదు. లోపల ఏ సీలు పోయినా ఆయిలు అక్కడ నిలవకుండా కిందికి దిగిపోవాలని, కారుతోందని మనకు తెలియాలని ఉంటుంది. దాన్ని మూసేస్తే ఆయిలు బెల్‌హౌసింగ్‌లోనే చేరుతుంది. ఇంజిను వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్ అంచు అడుగుకు దగ్గరగానే తిరుగుతుంది కాబట్టి కాస్త ఆయిలు నిలిచినా చాలు, దాన్ని చిమ్మి క్లచ్ ప్లేటు మీద పోస్తుంది. ప్లేటు మీది ఘర్షణ పొర ఆయిలు పీల్చిందంటే ఇక కడిగినా బాగుపడదు. అటు గేర్‌బాక్సేమో లోలోపల ఖాళీ అవుతూ ఉంటుంది. కింద అట్ట మాత్రం పొడిగా ఉంటుంది.

క్లచ్ ఫోర్కు దగ్గరుండే రబ్బరు తొడుగు తీసి టార్చి వేశాను. లోపలి గోడలన్నీ తడి. అడుగున గిన్నె పెట్టి, ప్లాస్టిక్ చెక్కతో సిలికాన్ అంచు లేపాను. పట్టీలాగా ఊడి వచ్చింది. దాని వెనకే నల్లటి ఆయిలు ధారగా నా మణికట్టు మీంచి మోచేతి దాకా కారింది. గ్లాసుకు పైనే పడింది. ఆ కంపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కంపుకేనా అంటే చెప్పలేను.

తర్వాత గేర్‌బాక్స్ పక్కన నింపే ప్లగ్ విప్పి వేలు పెట్టాను. మామూలుగా ఆ కన్నం అంచు దాకా ఆయిలుండాలి. వేలికి ఏమీ తగల్లేదు. కింది ప్లగ్ విప్పి కొలిస్తే, రెండు లీటర్లు పట్టే గేర్‌బాక్సులోంచి లీటరుంపావు వచ్చింది. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. కానీ ఆయిల్లో పసుపు పచ్చ రజను తేలుతోంది. అది ఇత్తడి. గేర్లు కరకరలాడకుండా పడేలా చేసే సింక్రో రింగులు అరిగితే వచ్చే రజను. రెండో గేరు ఎందుకు కరకరలాడిందో అప్పుడర్థమైంది.

పొద్దున్నే ఫోటోలు, బిల్లు, ఆ సిలికాన్ పట్టీ తీసుకుని షెడ్డుకెళ్లాను. అరవలేదు. ఫోటోలు చూపించి, "గేర్‌బాక్స్ దించలేదు కదా" అని మాత్రమే అడిగాను. ఫోటోల వైపు చూడనే లేదు. చేతిలో ఉన్న గుడ్డతో పాన తుడుచుకుంటూ, "నువ్వు లీకు ఆపమన్నావు. ఆపాను. కింద చుక్క పడిందా, లేదా?" అన్నాడు.

అప్పటిదాకా "సార్", "మీరు". ఫోటోలు కనపడగానే "నువ్వు".

"మరి బిల్లులో సీలు మార్చినట్టు రాశావే" అన్నాను. "అలా రాస్తేనే నీలాంటి వాళ్లకు తృప్తి" అన్నాడు. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు ఇదంతా వింటూ తల దించుకున్నాడు. "అంత తెలిసినవాడివి నువ్వే చేసుకోలేకపోయావా?" అని ఇంకో మాట అని లోపలికి వెళ్లిపోయాడు. నాలుగు వారాల్లో నా గేర్‌బాక్స్ పాడైనందుకన్నా ఆ మాటకు ఎక్కువ రగిలిపోయాను. నా చేతులకు చేతనైన పనే అది. చేసేవాణ్నే. టైము లేక, పని తెలిసినవాడి చేతిలో పెడితే నిశ్చింతగా ఉండొచ్చని ఇచ్చాను. నమ్మి ఇవ్వడం కూడా నా తెలివితక్కువేనన్నట్టు మాట్లాడాడు.

నేనూ నా స్నేహితుడూ కలిసి ఇవాళ గేర్‌బాక్స్ దించాం. ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పాత సీలు అలాగే ఉంది. గోరుతో నొక్కితే రబ్బరులా లేదు, ఎండిన తోలులా ఉంది. అప్పుడు గుర్తొచ్చి డాష్‌బోర్డు అరలోంచి అతను కాగితంలో చుట్టి ఇచ్చిన "పాత సీలు" తీశాం. కొత్త సీలు పక్కన పెట్టి చూస్తే, అది దీనికన్నా వేలెడు పెద్దది. నా బండిదే కాదు. ఇంకెవరి బండిలోదో తీసి ఉంచి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని నెలరోజులు భద్రంగా దాచుకున్నాను. ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది. అడిగినవాళ్లకు ఇవ్వడానికి అలాంటివి డబ్బాలో వేసి ఉంచుకుంటాడన్నమాట.

ఇంకొకటి కూడా బయటపడింది. గేర్‌బాక్స్ పైన గాలాడే బ్రీదర్ మట్టితో పూడుకుపోయి ఉంది. బండి నడుస్తుంటే ఆయిలు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ ఒత్తిడి సీలు పెదవుల మీద పడి ఆయిల్ని బయటికి తోస్తుంది. అతను నిజంగా సీలు మార్చినా, దీన్ని చూడకపోతే మళ్లీ కారేదేమో. నిజంగా దించినవాడైతే ఇది చూసేవాడు.

కొత్త ఇన్‌పుట్ సీలు వేశాం, పనిలో పనిగా తోక సీలూ మార్చాం. షాఫ్ట్ పళ్లకు సీలు పెదవి కోసుకుపోకుండా టేపు చుట్టి, పెదవికి కాస్త గ్రీజు రాసి, చుట్టూ సమానంగా కొట్టి కూర్చోబెట్టాం. క్లచ్ ప్లేటు పారేశాం. ఫ్లైవీల్ బ్రేక్ క్లీనర్‌తో గుడ్డకు నలుపంటనిదాకా తుడిచాం. ప్లగ్గులకు కొత్త వాషర్లు. పోసింది చిక్కదనం 75డబ్ల్యూ-90, రకం జీఎల్-4 గేరాయిలు. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందు ఎక్కువ, ఇత్తడి సింక్రోలున్న పాత బాక్సులో నాకు జీఎల్-4 మీదే నమ్మకం. రెండో గేరు కరకర పూర్తిగా పోతుందని నేననుకోవడం లేదు. అరిగిన ఇత్తడి తిరిగి రాదు.

ఎక్కడ ఇచ్చినా సరే, ఇచ్చే ముందు బెల్‌హౌసింగ్ బోల్టుల తలల మీద చిన్న పెయింటు చుక్క పెట్టి ఫోటో తీసుకోండి. గేర్‌బాక్స్ నేల మీద ఉన్నప్పుడు వెళ్లి కళ్లారా చూడండి, కుదరకపోతే మీ నంబరు ప్లేటు కూడా కనపడేలా ఫోటో పంపమనండి. పాత సీలు ఇస్తే కొత్తదాని పక్కన పెట్టి కొలవండి. బండి తీసుకున్నాక వారానికోసారి నింపే ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. మీరే ఆయిలు మార్చుకునేటప్పుడు మాత్రం ముందు పై ప్లగ్ విప్పండి, ఆ తర్వాతే కిందిది. పైది బిగుసుకుపోయి రాకపోతే ఖాళీ గేర్‌బాక్సుతో ఇరుక్కుపోతారు.

ఈమధ్య గేర్‌బాక్స్ లీకుకని అతని దగ్గర బండి ఇచ్చి, చుక్క ఆగిందని సంతోషంగా ఉన్నవాళ్లు ఈ రాత్రే స్టాండ్ల మీద ఎక్కించి అడుగున టార్చి వేసి చూడండి. సందు మీద నల్ల సిలికాన్ కనపడితే రేపు పొద్దున బండి బయటికి తీయొద్దు, నాకు మెసేజ్ పెట్టండి. గిన్నె, ప్లాస్టిక్ చెక్క పట్టుకుని నేనే వస్తాను.