కుందేలు పిల్లకి గడ్డి వద్దు, నీళ్లు వద్దు అని చెప్పి అమ్ముతున్నాడు, జాగ్రత్త

నిన్న తెల్లవారుజామున నాలుగు నలభైకి మా దూది చచ్చిపోయింది. దూది అంటే మా పాప పెట్టుకున్న పేరు, తెల్ల కుందేలు పిల్ల. ఇంటికొచ్చి వారం కూడా నిండలేదు. రాత్రంతా నిద్ర లేదు, పైగా ఒళ్లంతా మండిపోతూ రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

షాపు పేరు రాయను. రాస్తే చూసుకుందాం అని ముందే బెదిరించాడు. అయినా మీకు తెలుసు. కుందేలు పిల్లలకి గులాబీ రంగు టబ్బులో స్నానం చేయించి, టవల్లో చుట్టి, పాట పెట్టి రీల్స్ వదులుతాడు చూడండి, ఆయనే. ఆ రీల్స్ చూసే మేమూ వెళ్లాం. పాపకి నాలుగో తరగతి అయిపోయింది, సెలవులిచ్చారు, ఫోన్ చేతిలోంచి కింద పెట్టట్లేదు, ఏదైనా ప్రాణి ఉంటే దాని ధ్యాసలో పడుతుందని మా ఐడియా. కుందేలు 1,200, పంజరం 2,400, ఫీడు ప్యాకెట్లు రెండు 700. బిల్లు అడిగితే "బిల్లెందుకు మేడమ్, నేను ఎక్కడికి పోత" అన్నాడు. అవును, ఆయన ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడు. పోయింది మా కుందేలు.

నేను ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎవరైనా ఆటో బిల్లులో నలభై రూపాయలు తేడాగా రాసినా పట్టుకుంటాను. మిక్సీ జార్ కొనడానికి మూడు రోజులు రివ్యూలు చదివిన మనిషిని. ప్రాణమున్నదాన్ని కొనేటప్పుడు మాత్రం షాపువాడు చెప్పిన నాలుగు ముక్కలు విని డబ్బులిచ్చి వచ్చాను. ఆ నాలుగు ముక్కలు ఇవి.

"రెండు నెలల పిల్ల మేడమ్, తల్లి పాలు ఎప్పుడో మానేసింది."

"గడ్డి గిడ్డి ఏం వద్దు, మోషన్స్ అయితయి. ఈ ఫీడ్ చాలు, ఇంపోర్టెడ్."

"నీళ్లు పెట్టకండి. కుందేలు నీళ్లు తాగితే చచ్చిపోతది. క్యారెట్ పెట్టండి, అండ్ల నీళ్లుంటయి."

"ఏమన్నా అయితే నాకు ఫోన్ చేయండి, డాక్టర్ల దగ్గరకి పోకండి, పైసలు గుంజుతరు."

ఇంటికి తీసుకురాగానే మా అత్తయ్య ఫీడు ప్యాకెట్ తిప్పి తిప్పి చూసింది. మొక్కజొన్న గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, ఎరుపూ పచ్చా రంగుల్లో ఏవో చక్రాలు. పండగ మిక్చర్ పొట్లంలా ఉంది. ఆమెది నల్గొండ వైపు పల్లె, గేదెలూ మేకల మధ్య పెరిగిన మనిషి. "గడ్డి తినే జీవానికి గడ్డి పెట్టొద్దంటడేంది వాడు? నీళ్లు తాగని జీవం ఉంటదా ఎక్కడన్నా?" అంది. నేనేమన్నానో తెలుసా? "అత్తయ్యా, ఇది ఊళ్లో మేక కాదు, వేరే జాతి, ఆయన పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు" అన్నాను. డిగ్రీ చదివిన కోడలు. ఆమె ఇంకేం మాట్లాడలేదు. నిన్నటి నుంచి కూడా ఆ మాట ఎత్తట్లేదు. తిట్టినా బాగుండేది.

మొదటి మూడు రోజులు బాగానే గెంతింది. నాలుగో రోజు పంజరం అడుగున మెత్తగా, నిగనిగలాడుతూ, చిన్న ద్రాక్షగుత్తిలా అంటుకున్న ఉండలు కనిపించాయి. వీడియో తీసి పంపాను. "లూజ్ మోషన్, పెరుగన్నం పెట్టండి" అని జవాబు. పెట్టాను! కుందేలుకి పెరుగన్నం! తర్వాత డాక్టరమ్మ చెప్పింది, అవి విరేచనాలు కావట. కుందేలు రెండు రకాలుగా వేస్తుందట. ఒకటి గట్టి గుండ్రటి పెంటికలు, రెండోది ఈ మెత్తటి గుత్తి. గుత్తిని అది నేరుగా నోటితో అందుకుని మళ్లీ తినేస్తుంది, దానికి కావలసిన విటమిన్లు అందులోనే ఉంటాయి. తినకుండా వదిలేస్తోందంటే తిండిలో బలం మరీ ఎక్కువై, పీచు తక్కువైందని అర్థం. అంటే దాని కడుపు నాకు నాలుగో రోజే చెప్పింది. నేను టిష్యూతో తుడిచి పారేశాను.

ఐదో రోజు పెంటికలు సైజు తగ్గాయి, మిరియాల్లా. ఆరో రోజు శనివారం పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, పెంటికలు అసలే లేవు. మూలకి ముడుచుకుని కూర్చుంది. బయట ఎండ 41 ఉంది, ఎండకేమో అనుకుని కూలర్ దగ్గర పెట్టాను. సాయంత్రం నాలుగుకి మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కొత్త రీల్ మాత్రం ఆరింటికి వచ్చింది. ఏడింటికి వాయిస్ పంపాడు: "ఏం కాదు మేడమ్, పిల్లలకి జ్వరమొస్తే వేసే అమాక్సిసిలిన్ సిరప్ ఉంటే అర ఎమ్మెల్ నోట్లో పొయ్యండి, పొద్దటికి సెట్ అయితది."

ఉంది. పాపకి మొన్న గొంతు నొప్పికి తెచ్చిన సీసా ఫ్రిజ్‌లో ఉంది. పోశాను.

ఇది రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. పదిన్నరకి దూది పళ్లు నూరుతోంది, పటపటమని చప్పుడు బయటికి వినిపిస్తోంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. ఆయనకి ఆరుసార్లు ఫోన్ చేశాను, ఏడోసారి స్విచాఫ్. తర్వాత క్లినిక్‌ల వేట. ఉప్పల్‌లో ఇద్దరు "మేం కుక్కలు, పిల్లులే చూస్తాం" అన్నారు. ఒకాయన పొద్దున రమ్మన్నాడు. చివరికి బేగంపేట అవతల ఒక డాక్టరమ్మ తీసుకురమ్మంది. తార్నాక, సికింద్రాబాద్ మీదుగా క్యాబ్‌లో పోతుంటే పాప ఒళ్లో బుట్ట పెట్టుకుని దానికి ఏవో కబుర్లు చెబుతూనే ఉంది.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: ఎప్పటి నుంచి తినట్లేదు? పొద్దున్నుంచి అన్నాను. ఆమె ముఖం మారింది. కుందేలు పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీయే అంది. మనలా ఒక పూట పస్తుంటే సరిపోయే కడుపు కాదు దానిది. లోపల పీచు నడుస్తూ ఉంటేనే పేగు నడుస్తుంది, నడక ఆగితే గ్యాస్ పట్టేస్తుంది, నొప్పికి ఇంకా తినదు, తినకపోతే ఇంకా ఆగుతుంది. వాంతి కూడా చేసుకోలేదు, కుందేలుకి ఆ వీలే లేదట. దీన్ని జీఐ స్టేసిస్ అంటారు, కుందేళ్లు పెంచేవాళ్లందరికీ తెలిసిన పేరేనట. అమ్మేవాడికి తెలియదు పాపం.

రెండో ప్రశ్న: మందేమైనా వేశారా? చెప్పాను. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కుందేలుకి నోట్లో వేయకూడదు. దాని పేగులో మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, విషం పుట్టించే క్లాస్ట్రీడియం రకాలు పెరిగిపోతాయి. "మీరు వేసేసరికే కడుపు ఆగిపోయి ఉంది, దాని వల్లే అని నేను అనను" అంది. నా కోసం అన్నదో, నిజంగానే అన్నదో తెలియదు. నేను మాత్రం నన్ను వదలట్లేదు.

ఎక్స్‌రేలో పొట్ట నిండా నల్లగా గాలి. ఒంటి వేడి 97 కూడా లేదు, మామూలుగా 101 పైన ఉండాలట. రెండు నెలల పిల్లా? నోట్లో పళ్లు చూసి, తూకం చూసి, ఐదు వారాలు ఉంటుందేమో అంది. మూడు వందల గ్రాములు లేదు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉండాల్సింది. తల్లి పాలు ముందే మాన్పించి, పీచు లేకుండా గింజల పిండి పదార్థం మీద పెడితే ఆ వయసులో పేగు తట్టుకోదట. చర్మం కింద సెలైన్ ఇచ్చారు, నొప్పికి ఇంజెక్షన్, వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. నాలుగు నలభైకి అయిపోయింది. బిల్లు 3,150 అయింది, రసీదుతో సహా ఇచ్చారు. పైసలు గుంజే డాక్టర్లు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా రాసిందంతా అజ్ఞానం అనుకుని వదిలేసేదాన్నేమో.

నిన్న పదకొండింటికి ఎక్స్‌రే కవరు పట్టుకుని షాపుకి వెళ్లాను, మా ఆయన బయట బండి పెడుతున్నాడు. డబ్బుల కోసం వెళ్లలేదు. నిజంగా. "ఇలా అయింది, మిగతావాళ్లకైనా గడ్డి పెట్టమని చెప్పండి" అందామని వెళ్లాను. ఆయన టీ తాగుతున్నాడు. కవరు ముట్టుకోలేదు. అంతా విని "ఎండలకి రోజుకి రెండు మూడు పోతయి మేడమ్, కామన్" అన్నాడు. సిరప్ సంగతి అడిగితే "మీరు ఎక్కువ పోసుంటరు" అన్నాడు. వాయిస్ మెసేజ్ అక్కడే వినిపించాను, ఆయన గొంతే, అర ఎమ్మెల్ అని. నవ్వాడు. టీ కప్పు పక్కన పెట్టి, వెనక గాజు పెట్టెలోకి చెయ్యి పెట్టి, ఇంకో తెల్ల పిల్లని చెవులు పట్టుకుని పైకి లేపాడు. చెవులు పట్టుకుని! అది గాల్లో కాళ్లు కొట్టుకుంటోంది. నా ముందు కౌంటర్ మీద పెట్టి అన్నాడు:

"సేమ్ కలర్. హాఫ్ రేట్‌కి తీస్కపోండి. పాపకి తేడా తెల్వది."

పాపకి తేడా తెలియదట. వారం రోజులు దాని పంజరం పక్కన చాప వేసుకుని పడుకున్న పిల్లకి. దాని ఎడమ చెవి మీద బూడిద రంగు చుక్క ఉందని నాకంటే ముందు కనిపెట్టిన పిల్లకి. పొద్దున అట్టపెట్టెలో పాత చున్నీ పరిచి, ఆ చెవి పైకి కనపడేలా పడుకోబెట్టిన పిల్లకి.

నోట మాట రాలేదు నాకు. ఆఫీసులో వెండర్లని నిలబెట్టి కడిగేసేదాన్ని, అక్కడ బొమ్మలా నిలబడ్డాను. నా వెనకే ఒకావిడ, చంకలో చంటివాడు, "ఇది ఎంత బాబూ?" అని అదే పిల్లని చూపిస్తోంది. అప్పుడు నోరు లేచింది. "కొనకండమ్మా, ఇవి పాలు మానని పిల్లలు" అన్నాను. అంతే, "మేడమ్, గిరాకీ ఖరాబ్ చేయకండి, బయటికి నడువుండ్రి" అని మా ఆయన ముందే అరిచాడు. ఆవిడ వెళ్లిపోయింది. ఆ ఒక్కటే మాకు దక్కింది. నేను వాట్సాప్‌లో అడిగిన రిజిస్ట్రేషన్ కాపీకి ఇంతవరకూ జవాబు లేదు, నంబర్ బ్లాక్ చేశాడు. పెట్ షాపులకి 2018 రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈయన గోడ మీద దేవుడి ఫొటోలు, రీల్స్ ఫాలోవర్ల సంఖ్య తప్ప ఇంకే కాగితమూ లేదు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెడదామంటే బిల్లు లేదు. అందుకే బిల్లెందుకన్నాడు, ఇప్పుడు వెలిగింది. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఆ వాయిస్ మాత్రం ఉన్నాయి, వాటితోనే పెడుతున్నాను.

ఇప్పటికే ఇలాంటి పిల్లని తెచ్చుకున్నవాళ్లు ఉంటే: నీళ్లు పెట్టండి, ఇరవై నాలుగు గంటలూ, బరువైన గిన్నెలో. ఎండుగడ్డి ఎప్పుడూ ముందర ఉండాలి, తిండిలో ఎక్కువ భాగం అదే. ఆన్‌లైన్లో తిమోతి గడ్డి దొరుకుతుంది, మందు కొట్టని గరిక అయినా నయమే. రంగు గింజల ఫీడు, బ్రెడ్డు, బిస్కెట్లు, పెరుగన్నం వద్దు. క్యారెట్ అంటే తీపి, దానికి చాక్లెట్ లెక్క, చిన్న ముక్క చాలు. తిండి మార్చేటప్పుడు ఒక్కరోజులో కాకుండా మెల్లగా మార్చండి. రోజూ పెంటికలు చూడండి, సైజు తగ్గితే అప్పుడే పరిగెత్తండి. కుందేళ్లని చూసే డాక్టరు ఎవరో కొనక ముందే కనుక్కోండి, రాత్రి పదకొండింటికి నాలా వెతుక్కోకండి. ఇంట్లో ఉన్న సిరప్‌లు ముట్టుకోవద్దు.

పంజరం బాల్కనీలో ఉంది, ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను, ఉప్పల్ రావాలి. ఫీడు ప్యాకెట్లు అడగొద్దు. పొద్దున అత్తయ్య రెండూ చించి చెత్తబండిలో వేసింది.