జపాన్ చిట్టి ట్రక్కు, ఐదేళ్ల వాడకం తర్వాత: వేలం పత్రం చెప్పినవి, దాచినవి

1994లో తయారైన కేయీ ట్రక్కు ఇది, అంటే జపాన్‌లో అతి చిన్న బండ్ల తరగతికి చెందినది. 660 సి.సి. ఇంజిన్, ఐదు గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్, 350 కిలోల మోత. జపాన్ వేలంలో కొని, 2019 చివర్లో అమెరికాకి సొంతంగా తెప్పించింది. అప్పట్నుంచి తోట పనికీ ఊళ్లో తిరగడానికీ వాడుతున్నది. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు. పోరంతా అడుగున తుప్పుతోనే. కాగితాల దగ్గర పొరపాటు చేస్తే మాత్రం తర్వాత దిద్దుకోవడం కష్టం.

25 ఏళ్లు నిండిన బండికి అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. దిగుమతి బండికి భద్రతా ప్రమాణాల గురించి నింపే హెచ్ఎస్-7 ఫారంలో మొదటి గడి దానికే. ఉద్గారాల వైపు 21 ఏళ్లు చాలు, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఉద్గారాల కోసం నింపే 3520-1 ఫారంలో అది ‘ఇ’ కోడ్. చాలామంది తప్పటడుగు వేసేది 25 లెక్కలో. మోడల్ సంవత్సరం పనికిరాదు, తయారైన నెల చూడాలి. ఎగుమతి ధ్రువపత్రంలో కనబడేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. ఏడాదిని హెయిసెయి అనే జపాన్ చక్రవర్తి శకం లెక్కలో రాస్తే దానికి 1988 కలపాలి. హెయిసెయి 6 అంటే 1994. బండి తయారయ్యాకే రిజిస్టర్ అవుతుంది కాబట్టి, ఆ తేదీకి 25 ఏళ్లు నిండాక పోర్ట్‌కి చేరేలా చూసుకుంటే భయం లేదు. ఒక్క నెల ముందొచ్చినా వెనక్కి పంపడమో తుక్కు చేయడమో అనే దాకా పోవచ్చు.

సుంకం దగ్గర ఇంకో మెలిక. కార్లకి మూల సుంకం 2.5 శాతం, ట్రక్కులకి 25 శాతం. 1964 నుంచీ ఉన్న పాత గొడవే అది. ఎంత చిట్టిదైనా వెనక తొట్టి ఉంటే ట్రక్కే. 3,000 డాలర్ల బండికి 750 డాలర్లు. పైన వచ్చిపడే అదనపు సుంకాలు మారుతుంటాయి కాబట్టి ఓడ ఎక్కించే వారంలోనే కస్టమ్స్ బ్రోకర్ చేత లెక్క కట్టించాలి. ఇన్వాయిస్‌లో బండి ధర, ఓడ కిరాయి, బీమా విడివిడిగా రాయించుకోవడం మరవకూడదు. సుంకం పడేది బండి ధర మీదే. అన్నీ ఒకే అంకెలో కలిపేస్తే కిరాయికీ సుంకం కట్టాల్సి రావచ్చు. కంటైనర్‌లో వస్తుంటే ఓడకెక్కే 24 గంటల ముందే ఐఎస్ఎఫ్, అంటే సరుకు వివరాలు కస్టమ్స్‌కి ముందుగా తెలిపే పత్రం, దాఖలు కావాలి. అది తప్పితే 5,000 డాలర్ల దాకా వాత.

బండి చేతికొచ్చాక దిగుమతి వివరాలుండే 7501 ఫారం మీద కస్టమ్స్ ముద్ర ఉన్న ప్రతి తీసుకోండి. టైటిల్ (యాజమాన్య పత్రం) ఇచ్చే కౌంటర్ దగ్గర అడిగేది అదే. రాష్ట్రం విషయం మాత్రం కొనే ముందే తేల్చుకోవాలి. కొన్ని చోట్ల కేయీలని రోడ్డెక్కనివ్వరు. టెక్సస్ 2024లో మళ్లీ దారి ఇచ్చింది. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలది కాదు కాబట్టి బీమా వెబ్ ఫారాలు దాన్ని మింగవు. ఫోన్ చేసి మనిషితో మాట్లాడాల్సిందే.

ఇక వేలం పత్రం, అంటే వేలానికి ముందు బండిని తనిఖీ చేసి రాసిచ్చే కాగితం. దీనికి వచ్చిన గ్రేడు 3.5. అందులోని బండి బొమ్మ మీద ఎ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే మరమ్మతు చేసిన అల, ఎస్ అంటే తుప్పు, సి అంటే తుప్పు తినేసిన చోటు. పక్కనున్న అంకె తీవ్రత. సొట్టల గురించి పత్రం రాసిందంతా నిజం. ఎడమ గుమ్మం కింద ఎస్1 అని ఉన్నచోట మాత్రం రెండో శీతాకాలానికి స్క్రూడ్రైవర్ దిగిపోయింది. తనిఖీ చేసేవాళ్లు పైపొర చూస్తారు, పెట్టె సెక్షన్‌ల (లోపల బోలుగా ఉండే ఇనుప భాగాల) లోపలికి తొంగిచూడరు. గ్రేడు అంకె కంటే బండి తిరిగిన ప్రాంతం ముఖ్యం: హొక్కాయ్‌డో, తోహోకు లాంటి మంచు ప్రాంతాల బండి అయితే అడుగు ఫోటోలు లేకుండా వేలం పాట పాడొద్దు. వచ్చిన వారంలోనే చాసిస్ కడిగి, ఆరబెట్టి, సెక్షన్‌ల లోపలికి మైనపు పూత కొట్టాలి. ఇక్కడ ఆ పని ఏడాది ఆలస్యమైంది, ఖర్చు వెల్డింగ్‌కి పోయింది.

మొదటి నెలలో మార్చినవి: టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్, క్యామ్ సీల్, క్రాంక్ సీల్. మీటరు ఎంత చూపినా బెల్ట్ వయసు బెల్ట్‌దే. వెనక బ్రేకుల వీల్ సిలిండర్లు కారడం ఈ వయసు బండ్లకి మామూలే. ఇంజిన్ వెనకో తొట్టి కిందో ఉండే రకాల్లో రేడియేటర్ ముందుంటుంది. మధ్యలో పొడవాటి నీటి గొట్టాలు. కూలెంట్ మార్చాక ముక్కు ఎత్తి పెట్టి గాలి పూర్తిగా తీయకపోతే వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

టైరు 145ఆర్12, 6 ప్లై. ఇక్కడ అంగట్లో దొరకదు, తెప్పించుకోవాలి. బ్యాటరీ 40బి19 రకం, దాని టెర్మినల్ కొమ్ములు సన్నం. మామూలు క్లాంపు వదులుగా ఊగుతుంది. హెడ్‌లైట్లు ఎడమ పక్క నడిచే దేశానివి. వెలుగు ఎడమవైపు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. దించి సరిపెట్టడం చాలదు, కుడి పక్క నడకకి తగిన లైట్లే పెట్టాలి.

గంటకు 70 కి.మీ. దాకా హాయిగా పోతుంది. 90 దగ్గర ఇంజిన్ అరుపు తప్ప ఇంకేం వినపడదు. హైవే దీని చోటు కాదు. ఎలాగూ వినపడదు కాబట్టి రేడియో లోటు తెలియదు: జపాన్ సెట్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటుంది, ఇక్కడి స్టేషన్లలో ఎక్కువ భాగం ఆ పైనే.